వీడియో వాల్ లెక్క ఆపరేటర్ కుర్చీ దగ్గర మొదలవ్వాలి

సెక్యూరిటీ కంట్రోల్ రూమ్‌కు వీడియో వాల్, అంటే తెరలు పక్కపక్కన పేర్చి కట్టే పెద్ద గోడ, పెట్టాలనుకున్నప్పుడు చాలాచోట్ల ముందుగా టేపు పట్టుకుని గోడ కొలుస్తారు. ఎన్ని ప్యానెళ్లు పడతాయి, ఒకేసారి ఎన్ని కెమెరాలు కనిపిస్తాయి అన్న రెండు అంకెలతోనే టెండర్ పత్రం సగం నిండిపోతుంది. ఆ గదిలో రాత్రి రెండు గంటలకు కూర్చునే ఆపరేటర్‌కు ఏం కనిపించాలి, ఎంత దూరం నుంచి కనిపించాలి, కనిపించాక అతను ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఆ పత్రంలో అరుదుగా ఉంటాయి. గోడ పెద్దదే అయినా పనికిరాకుండా పోవడానికి అసలు కారణం ఇదే.

గదిలో ఉన్న వాళ్లందరికీ ఒకే సమయంలో ఒకే పరిస్థితి అర్థం కావడం కోసం గోడ ఉంటుంది. ఒక మనిషిని నిశితంగా చూసి నిర్ధారించుకునే పని ఆపరేటర్ ముందున్న డెస్క్ మానిటర్‌ది. ఈ తేడాను పట్టించుకోకుండా డెస్క్ పనిని గోడకు అప్పగించిన చోటల్లా కింద చెప్పే చిక్కులన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి.

గడిలోకి వచ్చేసరికి మిగిలే పిక్సెళ్లు

ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 62676-4 ప్రమాణం 2014 కూర్పు సీసీ కెమెరా దృశ్యానికి మీటరుకు ఎన్ని పిక్సెళ్లు ఉండాలో చెప్పింది. దృశ్యంలో మనిషి ఉన్నాడని పసిగట్టడానికి మీటరుకు 25, అతని తీరును గమనించడానికి 62.5, తెలిసిన మనిషైతే గుర్తుపట్టడానికి 125, ఎవరో తెలియని వ్యక్తిని సందేహం లేకుండా గుర్తించడానికి 250 పిక్సెళ్లు కావాలి. కెమెరాలు బిగించేవాళ్లు ఈ అంకెలు చూసే లెన్స్ ఎంచుకుంటారు. ఆ చిత్రం గోడ మీదికి వచ్చాక ఈ లెక్క మళ్లీ ఎవరూ వేయరు.

ఒక కెమెరా 15 మీటర్ల వెడల్పు ప్రాంతాన్ని 1920 పిక్సెళ్లలో చూపిస్తోందనుకుందాం. మీటరుకు 128 పిక్సెళ్లు, అంటే తెలిసిన మనిషిని గుర్తుపట్టవచ్చు. అదే చిత్రాన్ని 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌లో నాలుగు గడుల్లో ఒకదాంట్లో పెడితే గడి వెడల్పు 960 పిక్సెళ్లు. మీటరుకు 64 మిగులుతాయి. గమనించడానికి అంచు మీద సరిపోతుంది. తొమ్మిది గడులు చేస్తే దాదాపు 43. పదహారు గడులు చేస్తే 480 పిక్సెళ్ల గడిలో మీటరుకు 32 మాత్రమే. ఇక ఆ గడిలో మనిషి ఉన్నాడో లేడో తెలుస్తుంది, అంతే. 1.7 మీటర్ల మనిషి 54 పిక్సెళ్ల ఎత్తులో, అంటే గోడ మీద సుమారు 34 మిల్లీమీటర్ల బొమ్మగా కనిపిస్తాడు. ముఖానికి దక్కేది ఏడు పిక్సెళ్లు. కెమెరా మీద ఎంత ఖర్చు పెట్టినా గోడ దగ్గర అది ఇలా జారిపోతుంది.

చిన్న గడులకు చాలా వ్యవస్థలు మెయిన్ స్ట్రీమ్ (కెమెరా పంపే పూర్తి స్పష్టత వీడియో) బదులు 640×360 లాంటి సబ్‌స్ట్రీమ్ (అదే వీడియో చిన్న రూపం) పంపుతాయి. కుదించిన వీడియోను విప్పి చూపే డీకోడర్ మీద భారం తగ్గడానికి అది అవసరమే. చిక్కు ఎక్కడంటే, గడిని పెద్దది చేసినప్పుడు కూడా అదే సబ్‌స్ట్రీమ్‌ను సాగదీసి చూపించే సెట్టింగ్ ఉన్నచోట. గడి పెద్దదైన క్షణమే మెయిన్ స్ట్రీమ్‌కు మారాలి. మారేటప్పుడు మరో ఆలస్యం ఎదురవుతుంది. కొత్త స్ట్రీమ్‌లో తర్వాతి ఐ-ఫ్రేమ్ (వేరే ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి ఫ్రేము) వచ్చేదాకా డీకోడర్ పూర్తి చిత్రం కట్టలేదు. నిల్వ ఆదా కోసం కెమెరాలో స్మార్ట్ కోడెక్ (వీడియోను మరింత కుదించే పద్ధతి) పెట్టి ఐ-ఫ్రేమ్‌ల మధ్య విరామాన్ని పది సెకన్లకు సాగనిస్తే, అలారం మోగాక గడి అంతసేపూ నల్లగా ఉండిపోవచ్చు. అలారంతో ముడిపడిన కెమెరాలకైనా ఈ విరామం ఒక సెకనుకు కుదించాలి. నిల్వ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అవనివ్వాలి.

ఎల్‌సీడీనా, ఎల్‌ఈడీనా

55 అంగుళాల ఎల్‌సీడీ ప్యానెల్ చూపే ప్రాంతం 1209.6×680.4 మిల్లీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ 0.63 మిల్లీమీటర్లు. అలాంటివి అడ్డంగా నాలుగు, నిలువునా మూడు పేరిస్తే గోడ సుమారు 4.84×2.04 మీటర్లు, 7680×3240 పిక్సెళ్లు. మొత్తం దాదాపు 2 కోట్ల 49 లక్షలు.

అదే పరిమాణంలో 1.25 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం) ఉన్న ఎల్‌ఈడీ గోడ కడదాం. 600×337.5 మిల్లీమీటర్ల క్యాబినెట్లు అడ్డంగా ఎనిమిది, నిలువునా ఆరు. వచ్చేది 4.8×2.025 మీటర్లు, 3840×1620 పిక్సెళ్లు. మొత్తం 62 లక్షలు. గోడ అదే, పిక్సెళ్లు నాలుగో వంతు. ఎల్‌సీడీ మీద మీటరుకు 32 పిక్సెళ్లు ఇచ్చిన గడి ఇక్కడ అదే కొలతలో 16 మాత్రమే ఇస్తుంది. పిచ్ 0.9375కు తగ్గించినా మొత్తం కోటీ పది లక్షల దగ్గర ఆగుతుంది. పాత ఎల్‌సీడీ గోడ తీసేసి అతుకులు లేని ఎల్‌ఈడీ పెట్టాక 'బొమ్మ బాగుంది కానీ గడుల్లో ఏమీ తెలియట్లేదు' అని ఆపరేటర్లు అంటే, తప్పు వాళ్ల కళ్లది కాదు. గోడ మారినప్పుడు గడుల సంఖ్య కూడా తగ్గించి ఉండాల్సింది.

అయితే ఎల్‌ఈడీ ఎందుకు ఎంచుకుంటారు? అతుకులు లేకపోవడం మొదటి కారణం. పెద్ద మ్యాపు, పొడవైన ప్రహరీ కెమెరాల వరుస, సంఘటన దృశ్యాన్ని గోడ మధ్యలో రెండు మీటర్ల వెడల్పున చూపడం ఇవన్నీ గీతలు లేకుండా కుదురుతాయి. ఎల్‌సీడీలో రెండు ప్యానెళ్ల మధ్య గీత పాత రకాల్లో 5.5, 3.5 మిల్లీమీటర్లు, తర్వాతివాటిలో 1.8, మంచివాటిలో 0.88 మిల్లీమీటర్లు. 1.8 మిల్లీమీటర్ల గీత అంటే దాదాపు మూడు పిక్సెళ్ల చోటు. ప్యానెళ్లకు చిత్రాన్ని పంచే కంట్రోలర్‌లో బెజెల్ (ప్యానెల్ అంచు చట్రం) సర్దుబాటు పెడితే ఆ మూడు పిక్సెళ్లు గీత వెనక దాక్కున్నట్టు మ్యాపు గీతలు తిన్నగా కలుస్తాయి. అదే సర్దుబాటు అక్షరాలున్న పట్టిక మీద ఉంటే అక్షరం ముక్క మాయమవుతుంది. కెమెరా గడుల అంచులు ప్యానెల్ అంచులతో కలిసేలా అమర్చి, సర్దుబాటును మ్యాపులకే పరిమితం చేయడం మేలు.

కెమెరా గడులే ఎక్కువ ఉండే గదికి, ఆపరేటర్లు మూడు, నాలుగు మీటర్లలో కూర్చునే చోటికి ఎల్‌సీడీ ఇప్పటికీ సరైన ఎంపికే. గది లోతుగా ఉండి, గోడ మీద మ్యాపు, సంఘటన దృశ్యం ప్రధానమైతే ఎల్‌ఈడీ వైపు మొగ్గవచ్చు. వెనుక నుంచి ప్రొజెక్ట్ చేసే క్యూబులు దశాబ్దాల పాటు ఈ పని చేశాయి. వాటికి లోతు, వెనుక మనిషి తిరిగే చోటు కావాలి. కొత్త గదికి వాటిని ఎంచుకునే కారణాలు ఇప్పుడు తక్కువ.

కూర్చునే దూరం, కంటి ఎత్తు

మామూలు చూపు ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కోణాన్ని విడదీసి చూడగలదు. దీన్నిబట్టి పిచ్‌ను మిల్లీమీటర్లలో తీసుకుని 3.44తో గుణిస్తే, ఎన్ని మీటర్ల తర్వాత పిక్సెళ్లు విడివిడిగా కనిపించవో తెలుస్తుంది. 0.63కు 2.2 మీటర్లు, 0.9375కు 3.2, 1.25కు 4.3, 1.5625కు 5.4, 2.5కు 8.6. దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. ఆ దూరం కంటే దగ్గరగా కూర్చుంటే బొమ్మ గరుకుగా ఉంటుంది. మరీ దూరంగా కూర్చుంటే అంత సన్నని పిచ్ కోసం పెట్టిన డబ్బు కంటికి చేరదు. ముందు వరుస కుర్చీని బట్టి పిచ్, చివరి వరుస కుర్చీని బట్టి అక్షరాల ఎత్తు నిర్ణయించాలి.

అక్షరాలు ఇబ్బంది లేకుండా చదవాలంటే కంటి దగ్గర 20 ఆర్క్ నిమిషాల ఎత్తు ఉండాలి. తేలికైన లెక్క: దూరాన్ని 170తో భాగించాలి. ఆరు మీటర్లకు 35 మిల్లీమీటర్లు. ఎల్‌సీడీ గోడ మీద అది సుమారు 56 పిక్సెళ్లు. కంప్యూటర్ తెర మీద వాడే 16 పిక్సెళ్ల అక్షరాలను అలాగే గోడ మీదికి పంపితే అవి పది మిల్లీమీటర్లే ఉంటాయి. రెండు మీటర్లు దాటితే చదవడానికి కళ్లు చిట్లించాలి. ఒత్తులు, గుడులు ఉండే లిపికి ఇంకొంచెం ఎత్తు ఇవ్వాలి. అలారం జాబితాను డెస్క్ తెర నుంచి యథాతథంగా గోడకు పంపడం చాలా గదుల్లో కనిపించే తప్పు. గోడకు వేరే పట్టిక తయారు చేయాలి: నాలుగైదు వరుసలు, పెద్ద అక్షరాలు, అంతే.

ఎత్తు విషయంలో డెస్క్ మానిటర్లే అడ్డుపడతాయి. కూర్చున్న మనిషి కన్ను నేలకు 1.2 మీటర్ల ఎత్తులో, మానిటర్ 0.7 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మానిటర్ పై అంచు 1.25 మీటర్ల ఎత్తులో ఉంటే, దాని మీదుగా చూసే చూపు నాలుగు మీటర్ల అవతలి గోడను 1.49 మీటర్ల దగ్గర తాకుతుంది. అంతకంటే కింద ఉన్నదేదీ కనిపించదు. పై అంచును 1.15 మీటర్లకు దించితే చూపు 0.91 మీటర్ల దగ్గర తాకుతుంది. మానిటర్ పది సెంటీమీటర్లు దిగితే గోడ మీద 57 సెంటీమీటర్లు వస్తాయి. డెస్క్ మీద రెండు అంతస్తుల మానిటర్లు పెట్టిన గదిలో గోడ అడుగు వరుస మొత్తం వృథా అయ్యేది ఇందుకే. గోడను పైకి జరపడం పరిష్కారం కాదు. రెండు మీటర్ల ఎత్తు గోడ అడుగు 1 మీటరు దగ్గర మొదలైతే, నాలుగు మీటర్ల నుంచి దాని పై అంచు చూడటానికి చూపు 24 డిగ్రీలు ఎత్తాలి. 1.5 మీటర్ల దగ్గర మొదలైతే 30 డిగ్రీలు. ఎనిమిది గంటల షిఫ్టులో ఆ ఆరు డిగ్రీల బరువు మెడకు తెలుస్తుంది.

గోడ మీద ఏం ఉండాలి

1948లో నార్మన్ మాక్‌వర్త్ రాడార్ ఆపరేటర్ల పనిని దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రయోగంలో, గడియారం లాంటి పలక మీద ముల్లు ఎప్పుడో ఒకసారి రెండు అంగలు వేయడాన్ని రెండు గంటల పాటు కనిపెట్టి ఉండాలి. మొదటి అరగంటలోనే పట్టుకోగలిగే శాతం పడిపోయింది. అక్కడ చూడాల్సింది ఒక్క ముల్లు. పన్నెండు ప్యానెళ్లను పదహారేసి గడులు చేస్తే గోడ మీద 192 దృశ్యాలు, అందులో చాలావరకు ఖాళీ నడవాలు, మూసిన గేట్లు. వాటిలో ఏదో ఒకటి మారినప్పుడు మనిషి కన్ను దానంతట అది పట్టుకుంటుందని ఆశించి వ్యవస్థను కట్టకూడదు.

కాబట్టి గోడలో కొంత భాగం మామూలు సమయంలో ఖాళీగా, ముదురు రంగులో ఉండటమే మంచిది. అక్కడ ఏదైనా వెలిగిందంటే సంఘటన జరిగిందని గదంతా తలెత్తి చూస్తుంది. కంచె సెన్సర్, తలుపు కాంటాక్ట్, వీడియో అనలిటిక్స్ ఏది మోగినా ఆ చోట సంబంధిత కెమెరా, దాని పక్క కెమెరా, మోగడానికి పది సెకన్ల ముందు నుంచి రికార్డింగ్ రావాలి. ఎప్పుడూ కనిపించే కెమెరాలు పన్నెండు, పదహారు దాటకపోవడం మంచిది: ప్రధాన ద్వారాలు, వాహనాల గేటు, జనం గుమిగూడే చోట్లు. 'అన్ని కెమెరాలూ కనిపించాలి' అన్న కోరిక చూడటానికి వచ్చే అధికారులది. షిఫ్టులో కూర్చునేవాళ్లు సాధారణంగా అడిగేది తక్కువ గడులు, పెద్ద బొమ్మలే. ఈ విషయంలో వాళ్ల మాటే నెగ్గాలి.

పీటీజెడ్ కెమెరాను (దూరం నుంచే తిప్పి, వంచి, జూమ్ చేయగలిగేది) గోడను చూస్తూ తిప్పించకూడదు. కెమెరా ఎన్‌కోడింగ్, నెట్‌వర్క్, డీకోడింగ్, గోడ కంట్రోలర్ ఒక్కోటీ కొంత ఆలస్యం కలుపుతాయి. జాయ్‌స్టిక్ వదిలాక బొమ్మ ఇంకా కదులుతుంటే ఆపరేటర్ ప్రతిసారీ లక్ష్యం దాటిపోతాడు. ఆ పని డెస్క్ మీద తక్కువ ఆలస్యం ఉన్న దారిలో జరగాలి.

నిలిచిపోయిన చిత్రం, రాత్రి మొరాయించే గోడ

భద్రత కోణంలో అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం నల్లబడిన తెర కాదు. తెర నల్లబడితే ఎవరో ఒకరు వెంటనే ఫోన్ చేస్తారు. చిత్రం అలాగే నిలిచిపోవడం ప్రమాదం. రాత్రి ఖాళీ నడవా ఎలాగూ కదలదు కాబట్టి, స్ట్రీమ్ ఆగి చివరి ఫ్రేమ్ అలాగే ఉండిపోయినా గంటల తరబడి తెలియదు. డీకోడర్‌లో స్ట్రీమ్ పోతే చివరి ఫ్రేమ్ నిలపాలా, 'సిగ్నల్ లేదు' అని చూపాలా అన్న ఐచ్ఛికం ఉంటుంది. రెండోదే పెట్టాలి. ప్రతి గడిలో సెకన్లతో సహా సమయం కనిపించాలి, కెమెరాలన్నీ ఒకే ఎన్‌టీపీ సర్వర్‌ను (నెట్‌వర్క్‌లో గడియారాలను సరిచేసేది) అనుసరించాలి.

నెట్‌వర్క్‌లో మల్టీకాస్ట్ (ఒకే స్ట్రీమ్‌ను అడిగిన వాళ్లందరికీ పంచే పద్ధతి) వాడినప్పుడు ఒక విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది. గడులన్నీ తెరుచుకుంటాయి, నాలుగు నిమిషాల పైచిలుకు చక్కగా నడుస్తాయి, తర్వాత ఒక్కసారిగా ఆగిపోతాయి. కెమెరా మార్చినా, డీకోడర్ మార్చినా అదే తంతు. స్విచ్‌లలో ఐజీఎంపీ స్నూపింగ్ (స్ట్రీమ్ అడిగిన పోర్టులకే దాన్ని పంపే ఏర్పాటు) ఆన్ చేసి, ఎవరికి ఏది కావాలో తరచూ అడిగే క్వెరియర్‌ను మాత్రం ఎక్కడా ఏర్పాటు చేయకపోవడం దీనికి కారణం. అలా అడిగేవాళ్లు లేకపోవడంతో మామూలు సెట్టింగుల్లో 260 సెకన్లకు సభ్యత్వం గడువు తీరిపోతుంది. ప్రతి వీల్యాన్‌కు (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగానికి) ఒక క్వెరియర్ ఉందో లేదో చూస్తే రోజుల తరబడి వెతుకులాట తప్పుతుంది.

పగలు బాగా నడిచి రాత్రి మాత్రమే తడబడే గోడలూ ఉంటాయి. చీకట్లో కెమెరా గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) పెంచడంతో చిత్రంలో నలుసులు ఎక్కువవుతాయి. వేరియబుల్ బిట్‌రేట్‌లో (దృశ్యాన్ని బట్టి డేటా పెరిగే, తగ్గే సెట్టింగ్‌లో) ఆ నలుసులను కూడా కోడెక్ వివరాలుగానే లెక్కేస్తుంది. సగటున 4 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) చొప్పున 64 స్ట్రీమ్‌లు అంటే 256 ఎంబీపీఎస్. గిగాబిట్ లింకుకు ఇబ్బంది లేదు. రాత్రి అది రెట్టింపైతే, అన్ని కెమెరాల ఐ-ఫ్రేమ్‌లూ ఒకేసారి వస్తే ఒక్కో క్షణం బఫర్లు నిండి ప్యాకెట్లు పడిపోతాయి. బిట్‌రేట్‌కు గరిష్ఠ పరిమితి పెట్టాలి. డీకోడర్ సామర్థ్యాన్ని రాత్రి లెక్క మీద కొనాలి.

కదిలే వాహనం గోడ మీద కుదుపులతో కనిపిస్తే ఫ్రేమ్ రేటు చూడాలి. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు ఇస్తూ గోడ 60 హెర్ట్జ్‌లో ఉంటే ఒక్కో ఫ్రేము రెండుసార్లు, మరొకటి మూడుసార్లు చూపాల్సి వస్తుంది. గోడను 50 హెర్ట్జ్‌కు మారిస్తే కుదుపు పోతుంది. బొమ్మ ప్యానెళ్ల సరిహద్దు దగ్గర తెగినట్టు కనిపిస్తే అది వేరే సమస్య. కంట్రోలర్ ఔట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి సమకాలంలో లేవని అర్థం.

వెలుగు, వేడి, విడిభాగాలు

24 గంటలూ నడిచే గోడ ఏడాదికి 8760 గంటలు పనిచేస్తుంది. 60,000 గంటలకు బ్యాక్‌లైట్ సగానికి తగ్గుతుందని చెప్పే ప్యానెల్ ఏడేళ్లలోపే అక్కడికి చేరుతుంది. కొనేటప్పుడు రోజుకు 16 గంటల రకమా, 24 గంటల రకమా అన్నది స్పష్టంగా అడగాలి. ధర తేడా చూసి మొదటిది పెట్టిన గోడలు ముందుగానే మచ్చలు పడతాయి. 700 నిట్ల (తెర వెలుగు కొలమానం) ప్యానెల్‌ను కంట్రోల్ రూమ్‌లో పూర్తి వెలుగుతో నడపడం కళ్లకూ ప్యానెల్‌కూ చేటే. డెస్క్ మానిటర్ల వెలుగుకు దగ్గరగా, 150 నుంచి 250 నిట్ల మధ్య పెడితే చూపు గోడకూ డెస్క్‌కూ మారినప్పుడల్లా కన్ను సర్దుకోవాల్సిన పని ఉండదు.

ఎల్‌ఈడీలో వెలుగు తగ్గించడానికి ఒక మూల్యం ఉంది. నాసిరకం డ్రైవర్లున్న గోడను 20 శాతానికి దించితే ముదురు ఛాయలు కలిసిపోతాయి. రాత్రి కెమెరాల చిత్రాల్లో ఉన్నదంతా ముదురు ఛాయలే. అందువల్ల డెమో చూసేటప్పుడు మెరిసే ప్రకృతి దృశ్యాలు కాకుండా, సొంత కెమెరాల రాత్రి రికార్డింగ్‌నే, తక్కువ వెలుగులో వేయించి చూడాలి.

200 వాట్ల ప్యానెళ్లు పన్నెండు అంటే 2.4 కిలోవాట్ల వేడి, అంటే సుమారు 0.7 టన్నుల ఏసీ సామర్థ్యం గోడకే పోతుంది. కంట్రోలర్లు, డీకోడర్లు దీనికి అదనం. వాటిని శబ్దం వల్ల కూడా పక్క గదిలోనే పెట్టాలి. గోడ వెనుక గాలి కింద నుంచి వచ్చి పై నుంచి వెళ్లే దారి ఉండాలి. పవర్ సప్లయ్‌లలోని కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికి సుమారు సగమవుతుంది. అందమైన చెక్క చట్రంతో చుట్టూ మూసేసిన గోడల్లో ముందుగా పోయేవి అవే. ఏసీ గాలి మాత్రం నేరుగా ఎల్‌ఈడీ ముఖానికి తగలకూడదు, తేమ పడుతుంది.

ప్యానెళ్లను ఒకదానికొకటి గట్టిగా ఆనించి బిగిస్తే అంచుల్లో వెలుగు మచ్చలు వస్తాయి, వేడికి సాగినప్పుడు గాజు పగలవచ్చు. ముందు నుంచి బయటికి లాగే మౌంట్ తప్పనిసరి; గోడకూ మొదటి డెస్క్‌కూ మధ్య నిచ్చెన నిలిచేంత చోటు వదలాలి. ఎల్‌ఈడీలో 0.1 మిల్లీమీటర్ల అమరిక తేడా 1.25 పిచ్‌లో ఎనిమిది శాతం, కంటికి నల్లని లేదా తెల్లని గీతగా దొరికిపోతుంది. మాడ్యూళ్లు మార్చేటప్పుడు చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ ఉండాలి. విడి మాడ్యూళ్లు గోడతో పాటే, అదే తయారీ బ్యాచ్ నుంచి కొనాలి. రెండేళ్ల తర్వాత వేరే బ్యాచ్ నుంచి తెప్పించిన మాడ్యూల్ రంగు తేడాతో గోడ మధ్యలో అతుకు వేసినట్టు కనిపిస్తుంది, కాలిబ్రేషన్‌తో అది పూర్తిగా పోదు.

అప్పగింత పరీక్షలో పూర్తి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపుతో పాటు పది శాతం బూడిద రంగు తప్పక వేయాలి. మచ్చలన్నీ అందులోనే బయటపడతాయి. తర్వాత కంట్రోలర్ రెండు పవర్ సప్లయ్‌లలో ఒకటి పీకాలి, ఎల్‌ఈడీ డేటా లూప్‌లో ఒక కేబుల్ తీయాలి, ఒక కెమెరా కేబుల్ తీసి గడిలో 'సిగ్నల్ లేదు' అని వస్తుందో లేదో చూడాలి. చివరగా మొత్తం కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలి. ఎవరూ మౌస్ ముట్టకుండా గోడ తన మామూలు అమరికకు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుని, గోడ చీకటిగా ఉండే ఆ వ్యవధిలో గది ఏ డెస్క్ మానిటర్ల మీద నడవాలో షిఫ్టు సూచనల్లో చేర్చాలి.